డాక్టరు ఐడా స్కడ్డరుగారును ఆమె పద్నాలుగురు శిష్యురాండ్రును

ధ్యాన భాగములు: 1 సమూయేలు 3:1–10, మార్కు 10:35–45



మన గ్రామములలో ఎవరికైనను జబ్బు ముదిరి దగ్గరి ఆసుపత్రులలో నయము కానప్పుడు, ఇంటి పెద్దలు కూర్చుండి ఆలోచించి, చివరకు రాయవెల్లూరు పోవుదమందురు. మూట కట్టుకొని రైలెక్కి, కాట్పాడిలో దిగి, అచ్చటి క్రైస్తవ వైద్యశాల గడప త్రొక్కినవారు మన సంఘములలో అనేకులు కలరు. అయితే ఆ వైద్యశాల ఎట్లు పుట్టెనో ఎరిగినవారు కొద్దిమందియే. ఈ నెల ఆ సంగతి మీ ముందుంచ గోరుచున్నాము. ఆడపిల్లలు గల తల్లిదండ్రులు దీనిని ముఖ్యముగా వినవలెనని మా మనవి. ఇంటిలో చదువు వచ్చినవారు తక్కినవారికి చదివి వినిపింతురు గాక.

పారిపోవ గోరిన పిల్ల

ఐడా సోఫియా స్కడ్డరు 1870వ సంవత్సరము డిసెంబరు 9వ తేదీన ఉత్తర ఆర్కాటు జిల్లాలోని రాణిపేటలో పుట్టెను. ఆ దినములలో ఆ జిల్లాకు ముఖ్యపట్టణము చిత్తూరే గనుక, ఆమె పుట్టిన సీమ మనకు పరాయిది కాదు. తాతగారు 1819లోనే అమెరికానుండి సింహళమునకు వచ్చిన వైద్య మిషనెరీ. తండ్రి డాక్టరు జాన్ స్కడ్డరుగారును ఆర్కాటు మిషనులో వైద్యుడే. అయిదుగురు అన్నల తరువాత పుట్టిన ఒక్కగానొక్క ఆడపిల్ల ఐడా.

1876 మొదలు 1878 వరకు దక్షిణ దేశమును పీడించిన గొప్ప కరవును మన పెద్దలు ధాత కరవని చెప్పుకొనిరి. ఆ కరవులో బంగళా ఆవరణములోనికి వచ్చిన బిడ్డలకు ఆరేడేండ్ల ఐడా తన చిన్న చేతులతో రొట్టె ముక్కలు పంచెను. కొందరు పిల్లలకు ఆ ముక్కను నోటికి తీసికొనుటకైనను శక్తి లేకపోగా తానే వారి నోటిలో పెట్టెను. ఆ దృశ్యము ఆమె మనస్సులో దయకంటె భయమునే ఎక్కువగా నాటెను. తరువాత అమెరికాలో పెరిగి, నార్తుఫీల్డులో మూడీగారు స్థాపించిన బాలికల పాఠశాలలో చదువుకొనునప్పుడు, తాను మిషనెరీ కాబోనని ఆమె నిశ్చయించుకొనెను. ఎండయు, ధూళియు, ఆకలియు, రోగమును గల ఆ దేశము తనకు వద్దనెను. మిషనెరీ కుటుంబములో పుట్టినంత మాత్రమున పిలుపు వారసత్వముగా రాదు. మన పాస్టర్ల బిడ్డల విషయములోను, పెద్దల బిడ్డల విషయములోను దీనిని మరువరాదు.

మూడు పిలుపుల రాత్రి

తల్లి జబ్బుపడెనని కబురు రాగా, 1890లో ఐడా తిండివనములోని మిషను బంగళాకు వచ్చెను. తల్లి కోలుకొనువరకే ఉండి మరల వెళ్లవలెనని ఆమె తలంపు. ఆ కాలములో ఒక రాత్రి ఆమె చదువుకొనుచుండగా తలుపు తట్టిన చప్పుడాయెను. ఒక బ్రాహ్మణ యువకుడు నిలిచియుండెను. అతని భార్య చిన్న పిల్ల. పురిటి నొప్పులతో ప్రాణాపాయములో నున్నది. మంత్రసాని చేయగలిగినదంతయు చేసి విడిచిపెట్టినది. ఐడా తన తండ్రిని తోడుకొని పొమ్మనగా, పరపురుషుడు తన భార్యను చూచుట తమ ఆచారమునకు విరుద్ధమని అతడు తిరిగి పోయెను. ఆమె వైద్యము నేర్వలేదు, ఏమి చేయగలదు?

కొంతసేపటికి మరల చప్పుడు. ఈసారి ఒక ముసల్మాను. అదే కష్టము, అదే మనవి, అదే జవాబు. మూడవసారి మరియొక హిందువు. అతడును అట్లే పోయెను. ముగ్గురు స్త్రీలకు సహాయము అవసరము. సహాయము చేయగల పురుషుడు ఇంటిలోనే యున్నాడు. అయినను ఆచారపు గోడ అడ్డము నిలిచెను. ఆ రాత్రి ఐడాకు నిద్ర లేదు. తెల్లవారగానే వీధిలో చావు డప్పులు వినబడెను. కబురు పంపి విచారింపగా, ఆ ముగ్గురును చనిపోయిరని తెలిసెను.

బాలుడైన సమూయేలును దేవుడు పేరుపెట్టి పిలువగా, అతడు అది ఏలీ పిలుపనుకొని మూడుసార్లు పరుగెత్తి పోయెను. ఐడాను దేవుడు పేరుపెట్టి పిలువలేదు. మూడు ఇండ్ల కష్టముతో పిలిచెను. మనుష్యుల మొరలో దేవుని స్వరమును గుర్తెరుగుట సమూయేలుకు సులభము కాలేదు, ఐడాకును కాలేదు, మనకును కాదు. ఆమె మోకరించి ప్రార్థించి, తండ్రియొద్దకు పోయి, తాను వైద్యము చదివి ఈ దేశ స్త్రీలకొరకు తిరిగి వచ్చెదనని తెలిపెను.

తిరిగి వచ్చుట

మొదట ఫిలడెల్ఫియాలోను, పిమ్మట న్యూయార్కులోని కార్నెలు వైద్య కళాశాలలోను చదివి ఆమె 1899లో వైద్యురాలాయెను. ఆసుపత్రికి ధనము కూర్చుటకై తిరుగుచుండగా, షెల్ అను బ్యాంకరు చనిపోయిన తన భార్య జ్ఞాపకార్థము పదివేల డాలర్లిచ్చెను. 1900 ఆరంభములో ఆమె వేలూరు చేరెను. పని నేర్పవలసిన తండ్రి కొద్ది నెలలకే మరణించెను. బంగళాలోని ఒక చిన్న గదిలో, ఒక్క పడకతో ఆమె మొదలుపెట్టిరి. మొదట ఆమెను నమ్మి వచ్చినవారు కొద్దిమందియే. అయినను రెండేండ్లలో సుమారు అయిదువేలమంది రోగులను చూచిరి. 1902లో నలువది పడకల షెల్ ఆసుపత్రి తెరువబడెను. 1909లో నర్సులకు తరిఫీదు నిచ్చు పాఠశాల మొదలాయెను. ఆ కాలమందే ఒక చిన్న మోటారుబండిలో గుడియాత్తము బాటవెంట పోయి, చెట్ల క్రింద మందులిచ్చు పని ఆరంభించిరి. ఆ బండిని చూచి గ్రామస్థులు దయ్యమని పారిపోయిరట.

అయితే రోగులు పెరిగినకొలది ఆమెకు ఒక సంగతి తేటపడెను. ఒక డాక్టరమ్మ పగలనక రాత్రియనక పనిచేసినను, ఒక తాలూకాలోని పురిటి మరణములనైనను ఆపలేదు. ఈ దేశపు కుమార్తెలే వైద్యము నేర్వవలెను.

యుద్ధపు చివర మొదలైన పాఠశాల

అది మొదటి ప్రపంచ యుద్ధ కాలము. వైద్యులనేకులు సైన్యముతో పోయిరి. సముద్రముమీద ఓడలకు క్షేమము లేదు. విదేశములనుండి సామాను రాదు. ఇట్టి సమయమున ఆడపిల్లలకు వైద్య పాఠశాల పెట్టుదునని ఐడాగారు మద్రాసు సర్జను జనరలు కర్నల్ బ్రైసనుగారి నడిగిరి. ఆరుగురు పిల్లలు దొరికినయెడల మొదలు పెట్టవచ్చునని ఆయన సెలవిచ్చెను గాని, అంతమంది దొరకుదురను నమ్మకము ఆయనకు లేదు. వచ్చిన దరఖాస్తులు నూట యేబది యొకటి!

1918 ఆగస్టు 12వ తేదీన మద్రాసు గవర్నరు పెంట్లండు ప్రభువు పాఠశాలను తెరచెను. ఐడాగారికి అప్పుడు నలువది యేడేండ్లు. చేర్చుకొనిన పిల్లలు ఇరువదిమందికి లోపే. పాఠశాలకు సొంత కట్టడము లేదు. అద్దె ఇంటిలో మొదలాయెను. ఒక మైక్రోస్కోపు, ఒక అస్థిపంజరము, కొద్ది పుస్తకములు, ఇదియే దాని ఆస్తి. పాఠములలో పెక్కింటిని ఐడాగారే చెప్పిరి. అదే చేతులతో ఆసుపత్రిలో శస్త్రచికిత్సలు చేసిరి.

ఆ పిల్లల దినచర్యను కొంచెము ఆలోచించుడి. ఎముకల పేర్లు, నరముల పేర్లు, కండరముల పేర్లు అన్నియు పరభాషలో కంఠస్థము చేయవలెను. శవమును ముట్టుటయే మైలయని నమ్ము దేశములో, శవమును కోసి లోపలి అంగములను కన్నులార చూడవలెను. తరువాత ఆసుపత్రిలో రోగుల మంచములయొద్ద నిలిచి నేర్వవలెను. డాక్టరమ్మతో గ్రామములకు పోయి పుండ్లు కడిగి కట్లు కట్టవలెను. దీనికి ముందుగాను తరువాతను దేవుని సన్నిధిలో ప్రార్థన. అందరివలెనే వారికిని ఇంటిమీద బెంగ యుండును. పిల్లకు ఈడు దాటిపోవుచున్నదని ఊరివారు తలిదండ్రులను పొడిచిన మాటలు వారి చెవిని పడకపోవునా?

ఆ యేడాది కాలమును ఎట్టిది? వానలు తప్పి ధాన్యపు ధరలు మండిపోయెను. నవంబరులో యుద్ధము ముగిసెను గాని, దానితోకూడ వచ్చిన ఇన్‌ఫ్లుయెంజా జ్వరము మన దేశములోనే కోటికి పైగా ప్రాణములను తీసెను. వైద్యుల అవసరము ఎంతటిదో ఆ పిల్లలకు పుస్తకము చూచి తెలిసికొన నక్కర లేకపోయెను.

మొదటి యేటి ప్రభుత్వ పరీక్ష వచ్చెను. పురుషుల పాఠశాలలలోనే ఎక్కువమంది తప్పుదురు గనుక, ఆడపిల్లలలో ఒకరిద్దరైనను గట్టెక్కినచో చాలునని అధికారులు అనుకొనిరి. ఫలితములు వచ్చినప్పుడు, పురుషులలో పెక్కుమంది తప్పియుండగా, వేలూరు పిల్లలు పద్నాలుగురును ఉత్తీర్ణులైరి. నాలుగేండ్ల చదువు ముగించి 1922లో ఆ పద్నాలుగురును పట్టాలు పొందిరి. తిండివనములో తలుపు తట్టిన ఆ ముగ్గురికి ఇన్నియేండ్లకు జవాబు దొరికెను.

ఆ పాఠశాలకు వారు పెట్టుకొనిన ధ్యేయవాక్యము మార్కు సువార్త పదవ అధ్యాయము నలువది యయిదవ వచనములోనిది. మనుష్యకుమారుడు సేవ చేయించుకొనుటకు గాక సేవ చేయుటకు వచ్చెనని అందరెరుగుదురు. యాకోబు యోహానులు ప్రభువునొద్ద కుడియెడమల ఆసనముల నడుగగా ఆయన వారికి బోధించిన సందర్భమది. పట్టా చేతికి వచ్చు దినమున మన పిల్లలు ఆసనము నడుగుదురా, పరిచర్య నడుగుదురా అనునది ఇప్పటికిని ప్రశ్నయే.

చివరివరకు పరుగు

ఆ తరువాత అమెరికా సంఘ స్త్రీలు ఆసియాలోని ఏడు స్త్రీల కళాశాలలకై చందాలు పోగుచేసిరి. వారు ఇరువది లక్షల డాలర్లు కూర్చినయెడల రాక్‌ఫెల్లరు నిధి పది లక్షలిచ్చునని మాట. చిన్న చిన్న కానుకలతోనే వారు దానిని నెరవేర్చిరి. వేలూరు వాటిలో ఒకటి. 1938లో మద్రాసు ప్రభుత్వము ఆ పాత పట్టాను ఎత్తివేయ నిర్ణయించగా పాఠశాల మూతపడునట్లుండెను. ఎం.బి.బి.యస్. చదువునకు కావలసిన కట్టడములును, ఉపాధ్యాయులును, ధనమును లేవు. డెబ్బదియేండ్లు నిండిన ఐడాగారు రెండవ యుద్ధకాలములో అమెరికాలో ఊరూరు తిరిగి సహాయమడిగిరి. ఇచ్చట డాక్టరు రాబర్టు కాక్రేనుగారు పాటుపడిరి. 1942లో ఆ పెద్ద చదువు మొదలాయెను. 1947నుండి పురుషులును చేర్చుకొనబడిరి. స్త్రీలకొరకే కట్టినదానిలో పురుషులకు చోటిచ్చుటను పాత స్నేహితులు కొందరు ఒప్పలేదు. ఆమె నొచ్చుకొనినను, పని నిలుచుటే ముఖ్యమని సమ్మతించిరి. ఆ పిమ్మటి దినములలో ఆ సంస్థకు నాయకత్వము వహించిన తొలి భారతీయురాలు మన విశాఖపట్టణములో పుట్టిన డాక్టరు హిల్డా లాజరసుగారని చెప్పుటకు సంతోషించుచున్నాము.

ఐడాగారు వివాహమాడలేదు. ముసలితనములోను టెన్నిసు ఆడిరి, గులాబీలు పెంచిరి. 1960 మే 24వ తేదీన, ఎనుబది తొమ్మిదవ యేట, కొడైకెనాలులో ప్రభువునందు నిద్రించిరి.

మాకును మీకును

ఇది వ్రాయుచు మేమొక తప్పిదమును ఒప్పుకొనవలసియున్నది. కొన్నియేండ్ల క్రిందట ఒక కూలివాడైన సహోదరుడు మాయొద్దకు వచ్చి, తన కుమార్తెకు నర్సు చదువులో చోటు దొరికినదని, పంపవలెనా, వచ్చిన సంబంధము ఖాయము చేయవలెనా అని అడిగెను. దూరము, ఖర్చు, నలుగురి మాటలు తలంచి, సంబంధమే మేలని మేము చెప్పితిమి. అతడు మా మాట విని అట్లే చేసెను. మరుసటి యేడు ఆ పిల్ల పాలెములోనే ఒక బాలెంత, ఆసుపత్రికి చేరకముందే దారిలో ప్రాణము విడిచెను. ఆ పిల్ల చదివియుండిన యెడల ఆ తల్లి బ్రదికెడిదని మేము చెప్పజాలము. అయితే ఆ తలుపు తట్టిన చప్పుడు మాకు వినబడలేదని మాత్రము ఎరుగుదుము. ఏలీకి కన్నులు మందగించినను చివరకు ఆ పిలుపు దేవునిదని గ్రహించెను. మేము అంతమాత్రమైనను చేయలేదు.

ఐగుప్తులో షిఫ్రాయు పూయాయు మంత్రసానులు. రాజు ఆజ్ఞకంటె దేవునికి ఎక్కువ భయపడి బిడ్డల ప్రాణములు కాపాడిరి. ఆ రాజు పేరు నిర్గమకాండములో వ్రాయబడలేదు గాని ఈ ఇద్దరు స్త్రీల పేర్లు వ్రాయబడినవి. దేవుని లెక్క అట్టిది. కాబట్టి తండ్రులారా, మీ కుమార్తె చదువుకొందునని అడిగినప్పుడు, ఆ చదువు ఖర్చును మాత్రమే లెక్కింపకుడి. తల్లులారా, ఆమె చేతులు ఎందరి ప్రాణములకు అవసరమగునో ఆలోచించుడి. సంఘ పెద్దలారా, కోతకాలపు కానుకలలో ఒక భాగము పేద పిల్లల చదువునకు తీసియుంచుడి. ఏ తలుపు తట్టబడినను, అది దేవుని పిలుపేమోయని లేచి చూతము.

ప్రార్థన: పరమ తండ్రీ, మా పొరుగువారి మొరలో నీ స్వరమును వినుటకు మాకు చెవులిమ్ము. మా కుమార్తెలను నీ పరిచర్యకు పంపుటకు మా భయమును తీసివేయుము. వైద్యశాలలలో రాత్రియంతయు మేలుకొనియుండు నీ దాసురాండ్రకు బలము దయచేయుము. సేవ చేయ వచ్చిన యేసు నామమున అడుగుచున్నాము. ఆమేన్.