అప్పుల్లో ఉన్న ఎస్టేటును నిలబెట్టిన హెన్రియెట్టా కింగ్

1885 ఏప్రిల్‌లో రిచర్డ్ కింగ్ కన్నుమూసేసరికి ఆయన భార్య హెన్రియెట్టాకు 52 ఏళ్లు. అమెరికాలోని దక్షిణ టెక్సస్‌లో దాదాపు 5 లక్షల ఎకరాల పశువుల బీడు ఆమె చేతికి వచ్చింది. దాంతోపాటు 5 లక్షల డాలర్ల అప్పూ వచ్చింది. అంతకు రెండేళ్ల ముందే 19 ఏళ్ల చిన్నకొడుకు న్యుమోనియాతో పోయాడు. భూమి అమ్మేసి పట్నంలో కాలక్షేపం చేసినా ఎవరూ తప్పుపట్టేవారు కాదు. ఆమె అలా చేయలేదు. ఆ తర్వాత 40 ఏళ్లు ఆ బీడుకు యజమానురాలిగానే బతికారు. నేటికీ ప్రపంచమంతా ఎరిగిన ‘కింగ్ రాంచ్’ అదే.

హెన్రియెట్టా 1832 జులై 21న మిస్సోరి రాష్ట్రంలోని బూన్‌విల్‌లో పుట్టారు. తండ్రి హైరమ్ చాంబర్లేన్ ప్రెస్బిటేరియన్ మతబోధకుడు. మూడేళ్లు నిండేలోపే తల్లి పోయింది. తండ్రి పనిమీద ఊళ్లు మారుతూ పెరిగిన ఆ పిల్ల చివరికి మెక్సికో సరిహద్దులోని బ్రౌన్స్‌విల్ చేరింది. అక్కడ ఇళ్లు దొరక్క ఆ కుటుంబం రియో గ్రాండే నదిలో నిలిపిన పడవలో కాపురం పెట్టింది. తన ఆవిరి పడవ ఆగే చోట ఈ పడవ అడ్డంగా ఉందని కోపంతో కేకలు వేసిన కెప్టెనే రిచర్డ్ కింగ్ అనీ, వారి పరిచయం అలా మొదలైందనీ చెప్పుకుంటారు. ఆమె కొంతకాలం బడిలో పాఠాలు చెప్పారు. 1854 డిసెంబర్ 10న వారి పెళ్లయింది.

అప్పటికి ఏడాది ముందే కింగ్ సాంటా గెర్ట్రూడిస్ వాగు పక్కన 15,500 ఎకరాలు కొన్నాడు. పాత మెక్సికన్ యజమాని వారసులకు ఇచ్చింది 300 డాలర్లు, అంటే ఎకరానికి రెండు సెంట్లు. ఆ ప్రాంతంలో భూములు చేతులు మారిన తీరులో మెక్సికన్ కుటుంబాలకు న్యాయం జరిగిందా అన్న చర్చ ఇప్పటికీ ఉంది.

కొత్త కోడలిగా ఆమె అడుగుపెట్టిన ఇల్లు కర్రలు, మట్టితో కట్టిన గుడిసె. లోపల చోటు చాలక వంటపాత్రలు బయట వేలాడదీసుకోవాల్సి వచ్చేది. చుట్టూ మాట్లాడే భాష స్పానిష్. మెక్సికోలో క్రుయాస్ అనే ఊరు కరువుతో అల్లాడుతుంటే కింగ్ అక్కడి పశువులను కొన్నాడు. పశువులు పోతే బతుకేమిటని ఆ ఊరి జనం కూడా పిల్లాజెల్లాతో ఆయన వెంట వచ్చేశారు. వారికి ‘కినేన్యోలు’ అన్న పేరు స్థిరపడింది. కింగ్ మనుషులని దాని అర్థం. వారి ఇళ్ల సంగతి, పిల్లల చదువు సంగతి హెన్రియెట్టా చూసుకునేవారు. వారు ఆమెను ‘లా పత్రోనా’, అంటే యజమానురాలు అని పిలిచేవారు.

అంతర్యుద్ధంలో కింగ్ దంపతులు బానిసత్వాన్ని సమర్థించిన దక్షిణ రాష్ట్రాల పక్షాన నిలిచారు. ఓడరేవులను ఉత్తరాది నౌకాదళం దిగ్బంధించడంతో దక్షిణాది పత్తి వీరి బీడు మీదుగానే మెక్సికోకు వెళ్లేది. 1863 డిసెంబర్‌లో ఉత్తరాది సైనికులు దాడికి వచ్చారు. ముందే కబురు అంది రిచర్డ్ తప్పించుకున్నాడు. నిండు గర్భిణి అయిన హెన్రియెట్టా పిల్లలతో ఇంట్లోనే ఉన్నారు. ఇంటికి కాపలాగా పడుకున్న ఫ్రాన్సిస్కో అల్వరాడో కాల్పుల్లో చనిపోయాడు. ఆ కుటుంబం కోసం ముందుగా ప్రాణం పోగొట్టుకున్నది ఆ కినేన్యోనే. కొన్ని వారాల తర్వాత, ఇల్లు విడిచి వెళ్లిన చోట ఆమె చిన్నకొడుకును కన్నారు.

భర్త పోయాక ఆమె నల్లబట్టలు కట్టారు. చివరిదాకా అవే. ఎస్టేటు వ్యవహారాలకు యువ న్యాయవాది రాబర్ట్ క్లేబర్గ్‌ను పెట్టుకున్నారు. మరుసటి ఏడాది ఆయనే చిన్నకూతురు ఆలిస్‌ను పెళ్లాడి అల్లుడయ్యాడు. ఇద్దరూ కలిసి అప్పు తీర్చారు, బీడును పెంచారు. 1890లలో ఘోరమైన కరువు వచ్చింది. నీళ్లు లేక పశువులు పెద్దసంఖ్యలో చచ్చిపోయాయి. చివరికి 1899లో లోతుగా వేసిన బోరులో పాతాళగంగ దానంతట అదే పైకి పొంగింది.

నీళ్లు దొరికాక ఆమె చూపు రైలు మీద పడింది. అప్పటిదాకా పశువుల మందలను దూరం నడిపించి అమ్ముకోవాల్సి వచ్చేది. రైలుమార్గానికి, దాని పక్కన కొత్త పట్టణానికి ఆమె తన భూమి ఇచ్చారు. 1904 జులై 4న కింగ్స్‌విల్‌కు మొదటి రైలు వచ్చింది. ఆ పట్టణంలో స్థలం కొన్నవారు మద్యం అమ్మకూడదని దస్తావేజుల్లోనే రాయించారు. తాను ప్రెస్బిటేరియన్ అయినా కాథలిక్కులు, బాప్టిస్టులు, మెథడిస్టుల చర్చిలకూ స్థలాలిచ్చారు. ఉన్నత పాఠశాల కట్టించారు. 1912లో పెద్ద ఇల్లు కాలిపోతే అదేచోట మళ్లీ కట్టించారు. అప్పటికి ఆమెకు 80 ఏళ్లు దగ్గరపడ్డాయి.

మన తెలుగువారికి ఈ కథతో ఒక చుట్టరికం ఉంది. టెక్సస్ ఎండకు, పిడుదులకు విలాయతీ పశువులు ఆగలేకపోయాయి. దాంతో అక్కడివారు భారతీయ జాతుల మీద ఆధారపడ్డారు. మన ఒంగోలు, కర్ణాటక–మహారాష్ట్రల కృష్ణాలోయ జాతి, గుజరాత్ గిర్, కాంక్రేజ్ కలిసి అమెరికన్ ‘బ్రాహ్మన్’ జాతి అయ్యాయి. ఒంగోలు గిత్తను వారు నెల్లూరు పేరుతోనే ఎరుగుదురు. బ్రాహ్మన్ రక్తాన్ని షార్ట్‌హార్న్‌తో కలిపి కింగ్ రాంచ్‌లో సాంటా గెర్ట్రూడిస్ జాతిని తయారుచేశారు. దానికి మూలపురుషుడైన ‘మంకీ’ అనే ఆబోతు 1920లో, ఆమె బతికుండగానే పుట్టింది. అమెరికా ప్రభుత్వం 1940లో దాన్ని ప్రత్యేక జాతిగా గుర్తించింది.

హెన్రియెట్టా 1925 మార్చి 31న తన 92 ఏళ్ల వయసులో కన్నుమూశారు. అప్పటికి బీడు 11 లక్షల ఎకరాలు దాటింది. అంత్యక్రియలకు దాదాపు 200 మంది గుర్రపు కాపరులు ఎస్టేటు నలుమూలల నుంచి తరలివచ్చారు. కరువుకు ఊరు విడిచి వచ్చిన కుటుంబాల బిడ్డలూ వారిలో ఉన్నారు. పెట్టెను గోతిలోకి దించాక వారు ఒకరి వెనుక ఒకరుగా, టోపీలు తీసి చేత పట్టుకుని, గుర్రాలను పరుగెత్తిస్తూ సమాధి చుట్టూ ఒక్కసారి తిరిగారు. తర్వాత మందల దగ్గరికి వెళ్లిపోయారు.