భూప్రదక్షిణ లెక్క: డొనాల్డ్ క్రౌహర్స్ట్ జీవితగాథ

వినాయక చవితి నాడు అక్షతలు చేతబట్టుకొని మనమంతా వినే కథ ఒకటుంది. విఘ్నాలపై ఆధిపత్యం ఎవరికివ్వాలన్న తగవు వచ్చినప్పుడు, ముల్లోకాలలోని పుణ్యనదులన్నింటా స్నానమాడి ముందుగా వచ్చినవారికే ఆ పదవి అన్నాడు పరమేశ్వరుడు. కుమారస్వామి నెమలినెక్కి ఎగిరిపోయాడు. వినాయకుడు తల్లిదండ్రుల చుట్టూ ప్రదక్షిణ చేసి కూర్చున్నాడు. పదవి వినాయకుడికే దక్కింది. ఏది ప్రదక్షిణ, ఏది కాదు అన్న ప్రశ్న మనకు కొత్తది కాదన్నమాట.

ఇదే ప్రశ్న ఇరవయ్యవ శతాబ్దంలో సముద్రం మీద తలెత్తింది. ఒంటరిగా తెరచాప పడవలో, ఎక్కడా ఆగకుండా భూమిని చుట్టి రావడమంటే సరిగ్గా ఏమిటి? ఈ ప్రశ్నకు చిక్కి ప్రాణం పోగొట్టుకున్న వాడు డొనాల్డ్ క్రౌహర్స్ట్. ముత్యాల కోసం సముద్రంలో మునిగిన వారి ఊరు మన ముహర్రక్. ఈ ఊళ్ళో పుట్టి పెరిగిన మన పిల్లలకు అతని కథ చెప్పవలసిన అవసరం ఉందని నా నమ్మకం. ఎందుకో చివర మనవి చేస్తాను.

బహ్రెయిన్‌లో చమురు పడిన 1932వ సంవత్సరంలోనే క్రౌహర్స్ట్ మన దేశంలో, ఢిల్లీ పక్కనున్న ఘాజియాబాద్‌లో జన్మించాడు. తండ్రి రైల్వే ఉద్యోగి, తల్లి బడిపంతులమ్మ. 1947లో స్వాతంత్ర్యం రావడంతో ఆ కుటుంబం ఇంగ్లండుకు తరలిపోయింది. తండ్రి తాను దాచుకున్న సొమ్మును ఇక్కడే ఒక ఆటసామాన్ల కర్మాగారంలో పెట్టి వెళ్ళాడు. దేశ విభజన నాటి అల్లర్లలో ఆ కర్మాగారం తగలబడింది. మరుసటి ఏడు, అంటే 1948లో, తండ్రి కన్నుమూశాడు. పుట్టిన ఊరు వదిలి, చేతిలో కాసు లేక పరాయి చోట నిలబడడం ఎలా ఉంటుందో మన కుటుంబాలకు వేరే చెప్పనక్కరలేదు. కుర్రవాడు చదువు మధ్యలో ఆపి, ఫార్న్‌బరోలోని ప్రభుత్వ విమాన పరిశోధన సంస్థలో పని నేర్చుకోవడానికి చేరాడు.

తెలివిలో అతనికి లోటు లేదు, నిలకడే తక్కువ. వైమానిక దళంలో పైలట్ అయ్యాడు, అక్కడ ఇమడలేదు. సైన్యంలో చేరాడు, అదీ నిలవలేదు. చివరికి సోమర్‌సెట్ జిల్లాలోని బ్రిడ్జ్‌వాటర్‌లో ఎలక్ట్రాన్ యుటిలైజేషన్ అనే చిన్న కంపెనీ పెట్టాడు. రేడియో సంకేతాలను బట్టి పడవ ఉన్న దిక్కు తెలుసుకొనే నావికేటర్ అనే చేతి పరికరాన్ని తయారుచేసి అమ్మేవాడు. పరికరం మంచిదే గాని వ్యాపారం సాగలేదు. భార్య, నలుగురు పిల్లలు, పెరుగుతున్న అప్పు. ఇదీ 1968 నాటికి అతని స్థితి.

ఆ రోజులలో ఇంగ్లండంతా సముద్రయాత్రల ముచ్చటే. ఒంటరిగా భూమిని చుట్టిన మొదటివాడు జాషువా స్లోకం. 1895లో బయలుదేరి, రేవు రేవుకూ ఆగుతూ, 1898లో తిరిగి వచ్చాడు. ఆ తరువాత 1966–67లో సర్ ఫ్రాన్సిస్ చిచెస్టర్ అరవయ్యో పడి దాటిన వయసులో సిడ్నీలో ఒక్కసారి మాత్రమే ఆగి చుట్టి వచ్చాడు. ఇక మిగిలింది ఒక్కసారి కూడా ఆగకుండా చుట్టడమే. 1968 మార్చిలో సండే టైమ్స్ పత్రిక ఇందుకు పందెం ప్రకటించింది. ముందుగా తిరిగి వచ్చినవారికి గోల్డెన్ గ్లోబ్ అనే బహుమానం. అందరికంటె తక్కువ రోజులలో చుట్టినవారికి 5,000 పౌన్లు. జూన్ 1కీ అక్టోబర్ 31కీ నడుమ ఎప్పుడైనా బయలుదేరవచ్చు. ఆఫ్రికా దిగువన గుడ్‌హోప్, ఆస్ట్రేలియా మూలన లీవిన్, దక్షిణ అమెరికా కొసన హార్న్ అగ్రాలను చుట్టి బయలుదేరిన చోటికే రావాలి. దారిలో ఏ రేవుకూ చేరరాదు, ఎవరి సహాయమూ తీసుకోరాదు.

వినడానికి తేలికగా ఉన్నా, సముద్రం మీద ఈ నియమాలు ఎంత చిక్కు పెట్టాయో చూడండి. చే బ్లయిత్ అనే యువకుడు అట్లాంటిక్ నడుమ ఒక దీవి దగ్గర వేరే ఓడవారి సహాయం తీసుకున్నందుకు పందెంలో లేకుండా పోయాడు. ఇరవై తొమ్మిదేళ్ళ రాబిన్ నాక్స్ జాన్‌స్టన్ న్యూజీలాండ్ తీరానికి చేరువగా లంగరు వేసి ఒక విలేఖరితో మాట్లాడాడు. ఇంటి కబుర్లు చెవిన పడ్డాయి గాని, ఇంటి నుంచి వచ్చిన ఉత్తరాలు అందుకోవడానికి మాత్రం నియమం ఒప్పుకోలేదు. ఉత్తరం కూడా సహాయమేనట! ఉత్తరం కోసం నెలల తరబడి ఎదురుచూసిన మన పెద్దలు మాత్రం ఆ మాట కాదనరు.

ఈ నాక్స్ జాన్‌స్టన్ పడవ పేరు సుహైలీ. మన బొంబాయిలో టేకు కర్రతో కట్టిన పడవ అది. గల్ఫ్ అరబ్బు నావికులు ఆగ్నేయం నుంచి వీచే గాలిని పిలిచే పేరే దానికి పెట్టారు.

క్రౌహర్స్ట్ సెలవు రోజులలో పడవ నడిపిన వాడే తప్ప మహాసముద్రం ఎరుగడు. అయినా ఈ పందెం గెలిస్తే కంపెనీ నిలబడుతుందని ఆశపడ్డాడు. నడుమ ఒక దోనె, చెరో పక్కన ఒక చిన్న దోనె ఉండే ట్రైమరాన్ అనే నలభై అడుగుల పడవ కట్టించాడు. దాని పేరు టిన్‌మత్ ఎలక్ట్రాన్. ఖర్చు ఒక వ్యాపారి భరించాడు. అయితే ఒక షరతు. ప్రయాణం మధ్యలో మానుకుంటే ఆ పడవను క్రౌహర్స్టే తిరిగి కొనుక్కోవాలి. అందుకు కంపెనీ, ఇల్లు తాకట్టు పడ్డాయి. అంటే ముందుకు పోతే సముద్రం, వెనక్కు వస్తే అప్పు. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

పడవ పని తెమలలేదు. కావలసిన సామాన్లు కొన్ని ఒడ్డునే ఉండిపోయాయి. బయలుదేరే ముందు రాత్రి పడవ పనికిరాదని అతనికి తెలుసు, భార్య పక్కన పడుకొని కన్నీరు కార్చాడు. కాని ఊరంతా జెండాలు పట్టుకొని ఉంది, పత్రికలవారు వచ్చి ఉన్నారు. గడువు చివరి రోజైన 1968 అక్టోబర్ 31న టిన్‌మత్ రేవు నుంచి సాగిపోయాడు.

రెండు వారాలు తిరగకుండానే దోనెలలోకి నీరు ఊరడం మొదలైంది. ఈ పడవతో దక్షిణ మహాసముద్రంలోకి పోతే చావు తప్పదని అతనికి అర్థమైంది. మానుకోవడమా, సాగడమా అని కాగితం మీద లెక్కలు వేసుకున్నాడు. రెండింటికీ మనసు ఒప్పలేదు. మూడో దారి తొక్కాడు. డిసెంబరు నుంచి లేని వేగాన్ని ఉన్నట్టు రేడియోలో తెలియజేయసాగాడు. ఒకే రోజున 243 మైళ్ళు పోయానన్నాడు. ఇంగ్లండులో సంబరం. నిజానికి పడవ అట్లాంటిక్‌లోనే ఉంది. సూర్యుడినీ నక్షత్రాలనూ చూసి తానున్న చోటు కనుక్కోవడం నావికుడి విద్య. తాను లేని చోట సూర్యుడు ఎలా కనిపించేవాడో వెనక్కు లెక్క కట్టడం అంతకంటె కష్టం. ఆ కష్టమంతా అతడు పడ్డాడు. జనవరి నుంచి ఏప్రిల్ దాకా రేడియో మూసేశాడు. చీలిన పడవను బాగుచేసుకొనడానికి 1969 మార్చి 6న అర్జెంటీనాలోని రియో సలాడో అనే చిన్న చోట ఒడ్డుకు కూడా చేరాడు. ఏ నియమం ప్రకారం చూసినా అతని పందెం ఆనాటితో సరి.

అతని ఉపాయం ఇది. మిగిలినవారు భూమిని చుట్టి అట్లాంటిక్‌లోకి తిరిగి వచ్చే వేళకు తానూ వారి వెనుక చేరి ఇంటిదారి పట్టాలి. గెలవరాదు. గెలిస్తే దినచర్య పుస్తకాలు న్యాయనిర్ణేతలు చూస్తారు. ఆ సంఘానికి పెద్ద చిచెస్టరే, ఆయనకు అప్పటికే అనుమానం. ఓడినవాడి లెక్క ఎవరూ అడగరు. అప్పు తీరుతుంది, పరువు నిలుస్తుంది.

కాని ఒకరి అబద్ధం ఆ ఒక్కరితో ఆగదు. తొమ్మిది మంది బయలుదేరిన పందెంలో ఏప్రిల్ 22న నాక్స్ జాన్‌స్టన్ 312 రోజుల తరువాత ఫాల్మత్ రేవు చేరి ఆగకుండా చుట్టిన మొదటివాడయ్యాడు. ఫ్రెంచివాడైన బెర్నార్ మ్వాటెస్సియే హార్న్ అగ్రం దాటాక, బహుమానం అందుతుందనగా, పందెమే వద్దనుకొని మళ్ళీ తూర్పుకు తిరిగి తహితి దీవికి పోయాడు. భూమిని ఒకటిన్నర సార్లు ఒంటరిగా, ఆగకుండా చుట్టాడు. బయలుదేరిన రేవుకు రాలేదు గనుక పందెం లెక్కలో అది ప్రదక్షిణ కాదు. ఇక మిగిలింది నైజెల్ టెట్లీ. తాను వెళ్ళిన దారిని అప్పటికే అడ్డంగా దాటి భూమిని చుట్టడం పూర్తిచేశాడు. వెనుక క్రౌహర్స్ట్ తరుముకొస్తున్నాడనుకొని బలహీనమైన పడవను మరింత వేగంగా తోలాడు. మే 21న, ఇల్లు ఇంకా వెయ్యి మైళ్ళకు పైగా ఉండగా, అజోర్స్ దీవుల దగ్గర అది మునిగిపోయింది. అతడు ప్రాణాలతో బయటపడ్డాడు గాని, లేని పోటీదారుడికి జడిసి ఉన్న పడవను పోగొట్టుకున్నాడు.

ఈ కబురు విన్న క్రౌహర్స్ట్‌కు దారులన్నీ మూసుకున్నాయి. ఇప్పుడు ఇంటికి చేరితే 5,000 పౌన్లు తనవే. పుస్తకాలు తెరవక తప్పదు. ఇంగ్లండులో స్వాగత సన్నాహాలు జరుగుతున్నాయి. అతడు తెరచాపలు పట్టించుకోవడం మానేసి కాలం గురించీ దేవుడి గురించీ వేల మాటలు రాస్తూ కూర్చున్నాడు. ఆ రాత చివరి తేదీ 1969 జూలై 1. ఒంటరి ప్రయాణానికి అది 243వ రోజు. జూలై 10న పికార్డీ అనే ఓడవారికి అట్లాంటిక్ నడుమ ఆ పడవ ఖాళీగా కనిపించింది. అతడు తనంతట తానే సముద్రంలోకి దిగిపోయాడని ఎక్కువమంది అభిప్రాయం. తాను నిజంగా తిరిగిన దారి లెక్కను మాత్రం బల్లపై అందరికీ కనబడేలా వదిలిపోయాడు. కొడిగట్టిన దీపం చివరలో ఒకసారి వెలిగినట్టు, నిజం అక్కడ వెలిగింది.

తన ఒక్కడికే దక్కిన 5,000 పౌన్లను నాక్స్ జాన్‌స్టన్ క్రౌహర్స్ట్ భార్యాబిడ్డలకు ఇచ్చివేశాడు. పందెంలో లేకుండా పోయిన చే బ్లయిత్ 1970–71లో ఎదురుగాలులకు అభిముఖంగా పడమర దిక్కుగా భూమిని ఆగకుండా చుట్టి వచ్చాడు. ఒకసారి వెనుదిరిగినంత మాత్రాన అతడికి కొరతేమీ కాలేదు.

తరువాత ఈ లెక్కకు కట్టుదిట్టాలు వచ్చాయి. తెరచాప వేగాల ప్రపంచ మండలి చెప్పేదాని ప్రకారం బయలుదేరిన చోటికే రావాలి, రేఖాంశాలన్నీ దాటాలి, భూమధ్యరేఖను దాటాలి, కొలత 21,600 నాటికల్ మైళ్ళకు తగ్గరాదు. అయినా తగవులు ఆగలేదు. 2010లో పదిహేడో ఏడు నిండని ఆస్ట్రేలియా బాలిక జెస్సికా వాట్సన్ ఒంటరిగా, ఆగకుండా చుట్టి వస్తే, ఉత్తరానికి చాలినంత పోలేదు గనుక మైళ్ళు తగ్గాయన్నారు. ఆ అమ్మాయి తిరిగిన దారి మాత్రం అందరి కళ్ళెదుటా ఉంది.

మనవారి మాట కూడా చెప్పుకోవాలి. 2012–13లో అభిలాష్ టోమీ ముంబయి నుంచి ముంబయికి ఒంటరిగా, ఆగకుండా చుట్టిన తొలి భారతీయుడయ్యారు. 2017 సెప్టెంబరులో గోవా నుంచి తారిణి అనే పడవలో భూమిని చుట్టి 2018 మే నెలలో తిరిగి వచ్చిన ఆరుగురు నౌకాదళ మహిళలలో విశాఖపట్నం ఆడపడుచు పాతర్లపల్లి స్వాతి, హైదరాబాదు ఆడపడుచు బొడ్డపాటి ఐశ్వర్య ఉన్నారు. వారు ఒంటరిగా పోలేదు, ఆగకుండానూ పోలేదు. అనుకున్న రేవులలో ఆగారు, చుక్కాని దెబ్బతింటే అనుకోని మారిషస్‌లోనూ ఆగారు. ఆగామనే చెప్పారు. వారి ప్రదక్షిణకు వచ్చిన లోటేమీ లేదు.

ఇక మొదట చెప్పిన మాట. మన ముహర్రక్‌లో ముత్యాల దారి మీద నడిచిన పిల్లలకు తెలుసు. ఆ రోజులలో మునిగేవాడు నడుముకో చేతికో తాడుతో దిగేవాడు. పైన పడవలో ఆ తాడు పట్టుకొని ఒకడు నిలబడేవాడు. ఊపిరి అందకపోతే కిందివాడు తాడు లాగేవాడు, పైవాడు వెంటనే పైకి చేదేవాడు. చిప్పలు దొరకకుండానే పైకి వచ్చావేమని తాడు పట్టినవాడు అడిగేవాడు కాదు. మునిగేవారి మీద కూడా నఖోదాల అప్పు కొండంత ఉండేది. అయినా తాడు ఉండేది. క్రౌహర్స్ట్‌కు కరువైంది ఆ తాడే.

గల్ఫుకు మొదట వచ్చిన మన తాతలూ తండ్రులూ ఉభయకుశలోపరి అని మొదలుపెట్టి ఎన్ని ఉత్తరాలు రాశారో! వాటిలో ఎన్ని కుశలాలు నిజమో వారికే తెలుసు. ఊళ్ళో అప్పు ఉంది, పరువు ఉంది, ఎదురుచూసే కళ్ళున్నాయి. వారు ఆ బరువు మోసి గట్టెక్కారు గనుకనే ఈనాడు మనం పండుగ చేసుకుంటున్నాం. కాని వారి పిల్లలకూ మనుమలకూ ఆ బరువే వారసత్వం కారాదు. చదువులోనో ఉద్యోగంలోనో పడవ నీరు తాగుతుంటే నిర్భయంగా తాడు లాగండి. ప్రదక్షిణ పూర్తికాకుండా ఇంటికి వచ్చినా తలుపు తెరిచే ఉంటుంది. తల్లిదండ్రుల చుట్టూ తిరిగినా భూమిని చుట్టినంత ఫలమని మన కథే చెబుతోంది గదా! తాడు రెండో కొసను గట్టిగా పట్టుకొని ఉండడం పెద్దల వంతు.