పూచీ ఎవరిది? బిగ్ బిల్ హేవుడ్ జీవితం

కూలిరేట్ల పోరాటంలో అరెస్టయిన వాళ్లకు బెయిలు రావడం ఒక ఎత్తు, జామీనుదారు దొరకడం మరో ఎత్తు. కోర్టు ఉత్తర్వు చేతికొచ్చాక కూడా పాసుపుస్తకం ఉన్న మనిషి కోసం ఊరంతా తిరగాలి. ఎవరి పొలంలో కూలి పెంచమని అడిగామో, తీరా చూస్తే ఆ పాసుపుస్తకం ఆయన దగ్గరే ఉంటుంది! ఈ ఇరకాటం మన ఊళ్లలోనే పుట్టింది కాదు. వందేళ్ల కిందట అమెరికాలో గనికూలీలకు, కోతకూలీలకు నాయకుడైన విలియం హేవుడ్ జీవితమంతా ఈ చిక్కు వెంటాడింది. మనిషి భారీ విగ్రహం కనుక అందరూ బిగ్ బిల్ అనేవారు.

1869లో సాల్ట్ లేక్ సిటీలో పుట్టాడు. మూడేళ్లకే తండ్రి పోయాడు. తొమ్మిదో ఏట పంగలకర్ర చెక్కుకుంటుంటే కత్తి జారి కుడికన్ను పోయింది. మీసం మొలవకముందే గనిలోకి దిగాడు. 1896లో పడమటి రాష్ట్రాల గనికార్మికుల సమాఖ్యలో చేరి, కొన్నేళ్లకే దాని కార్యదర్శి అయ్యాడు. 1905లో షికాగోలో పుట్టిన ప్రపంచ పారిశ్రామిక కార్మికుల సంఘం, అంటే ఐ.డబ్ల్యు.డబ్ల్యు., ప్రారంభ మహాసభకు అధ్యక్షత వహించింది అతనే. నల్లా తెల్లా, ఆడా మగా, చేతిపని వచ్చినవాడా రానివాడా అనే తేడా లేకుండా అందరినీ చేర్చుకున్న సంఘం అది.

అదే ఏడాది డిసెంబరు 30న ఐడహో రాష్ట్ర మాజీ గవర్నరు స్టూనెన్‌బర్గ్ ఇంటి గేటు దగ్గర బాంబు పేలి చనిపోయాడు. 1899లో గనికార్మికుల మీదికి సైన్యాన్ని దించిన మనిషి ఆయన. బాంబు పెట్టినవాడు హ్యారీ ఆర్చర్డ్. వాడు పట్టుబడి సంఘం నాయకుల పేర్లు చెప్పాడు. 1906 ఫిబ్రవరిలో ఒక రాత్రి డెన్వరులో హేవుడ్‌నూ మరో ఇద్దరినీ పట్టుకుని, ప్రత్యేక రైలెక్కించి ఐడహో తరలించారు. వకీలును కలవనియ్యలేదు. ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి అట్లా తీసుకుపోవాలంటే ముద్దాయి నేరం చేసి పారిపోయి వచ్చినవాడై ఉండాలి. అందుకని కాగితాల మీద అట్లాగే రాశారు. హత్య జరిగిన నాడు హేవుడ్ ఐడహోలోనే లేడు! లేనిచోటి నుంచి ఎట్లా పారిపోతాడు? కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఎట్లా తెచ్చినా తెచ్చాక విచారణ ఆగదని 1906 డిసెంబరులో తేల్చేశారు. ఒక్క జడ్జి మాత్రమే కాదన్నాడు. హత్యకేసు కనుక బెయిలు లేదు. పదిహేడు నెలలు జైల్లో ఉన్నాడు. లోపలి నుంచే కొలరాడో గవర్నరు పదవికి సోషలిస్టు అభ్యర్థిగా పోటీ చేశాడు. క్లారెన్స్ డారో వాదించగా 1907 జులైలో జ్యూరీ నిర్దోషి అని వదిలేసింది. ఆ పదిహేడు నెలలు మాత్రం ఎవరూ తిరిగివ్వలేదు.

1912లో లారెన్స్ పట్టణంలో బట్టలమిల్లుల కార్మికులు సమ్మె కట్టారు. అక్కడ అన్నా లొపిజ్జో అనే కార్మికురాలు కాల్పుల్లో చనిపోయింది. ఆ హత్యను సమ్మె నాయకులు ఎట్టోర్, జొవానిట్టీల నెత్తిన రుద్దారు. కాల్పులప్పుడు వాళ్లు మైళ్ల దూరంలో ఉన్నారు. అయినా బెయిలు లేదు. జనవరి ఆఖరులో పట్టుకున్న వాళ్లు నవంబరు ఆఖరులో నిర్దోషులుగా బయటికొచ్చారు. ఈ లోపల సమ్మెను నడిపిన వాళ్లలో హేవుడ్ ముఖ్యుడు. అదే ఊళ్లో కార్మికుల మీద నింద వేయడానికి డైనమైటు పెట్టించిన కుట్ర ఒకటి బయటపడింది. పెట్టిన పెద్దమనిషికి 500 డాలర్ల జరిమానాతో సరి. ఆ కుట్రలో మిల్లుల అధిపతి విలియం వుడ్ మీదా కేసు పెట్టారు. ఆయన బెయిలు మీద బయటే ఉండి కేసు నడుపుకున్నాడు, 1913లో నిర్దోషిగా తేలాడు. మేడ ఉన్నవాడు ఎక్కడికి పోతాడన్నది కోర్టుల ధీమా. నిజానికి ఓడ టిక్కెట్టు కొనగలిగేది మేడ ఉన్నవాడే.

1914 ఆఖరుకు హేవుడ్ ఐ.డబ్ల్యు.డబ్ల్యు. ప్రధాన కార్యదర్శి అయ్యాడు. మరుసటి ఏడే కాన్సస్ సిటీలో వ్యవసాయ కార్మికుల విభాగం పుట్టింది. గోధుమ కోతల వెంట దక్షిణం నుంచి ఉత్తరానికి గూడ్సు బళ్ల మీద పోయే కూలీలు వేలల్లో చేరారు. పది గంటల పని, మూడు డాలర్ల కూలి, శుభ్రమైన తిండి, పడుకోను చోటు: ఇవీ వాళ్ల కోరికలు. మన వలసకూలీలకు ఈ జాబితా కొత్తగా ఉండదు. వాళ్లను దేశదిమ్మరులని పట్టుకునేవారు. ఇల్లు లేదు, చిరునామా లేదు, కాబట్టి విడిస్తే పారిపోతారు అనేవారు. పని ఎక్కడుంటే అక్కడికి పోవడమే వాళ్ల బతుకు, దాన్నే వాళ్లమీద నేరంగా చూపారు.

మన దేశంలోనూ ఇదే తంతు. మధ్యప్రదేశ్‌లో ఒక తాపీమేస్త్రికి సుప్రీంకోర్టే బెయిలిచ్చినా, కింది మేజిస్ట్రేటు పదివేల జామీను అడిగాడు. అన్నదమ్ముడు పూచీ ఉంటానంటే, అతని ఆస్తి వేరే జిల్లాలో ఉందని కాదన్నాడు. 1978లో జస్టిస్ కృష్ణయ్యర్ తప్పుపట్టి, వెయ్యి రూపాయల సొంత పూచీకత్తు మీద వదలమన్నాడు.

మళ్లీ హేవుడ్ దగ్గరికి వద్దాం. 1917లో అమెరికా యుద్ధంలోకి దిగింది. సెప్టెంబరు 5న దేశమంతటా ఐ.డబ్ల్యు.డబ్ల్యు. ఆఫీసుల మీద ఒక్కసారే దాడులు చేశారు. షికాగోలో నూరుమందిని ఒకే కేసులో నిలబెట్టారు. నెలల తరబడి సాక్ష్యం విన్న జ్యూరీ 1918 ఆగస్టులో గంట లోపే అందరినీ దోషులన్నది. హేవుడ్‌కు ఇరవై ఏళ్లు. అప్పీలు సాగుతుండగా 1919 జులైలో బెయిలు దొరికింది. జామీను 15,000 డాలర్లు. ఇంత డబ్బు కూలీల సంఘానికి ఎక్కడిది? విలియం బ్రాస్ లాయిడ్ అనే డబ్బున్న సోషలిస్టు పెద్ద మొత్తానికి పూచీ ఉన్నాడు. సోషలిస్టు పత్రిక నడిపిన మేరీ మార్సీ ఖైదీల బెయిళ్ల కోసం ఉంటున్న ఇల్లే తాకట్టు పెట్టింది. మిగతా వాళ్ల కోసం హేవుడ్ ఊరూరా తిరిగి చందాలు పోగుచేశాడు.

అప్పీలు కింద ఓడింది. సుప్రీంకోర్టులోనూ ఆశ లేదు. మధుమేహంతో ఒళ్లు చెడిపోయిన యాభై దాటిన మనిషికి ఇరవై ఏళ్లంటే జైల్లోనే చావు. 1921 మార్చి 31న మారుపేరు పాస్‌పోర్టుతో ఓడెక్కి సోవియట్ రష్యాకు వెళ్లిపోయాడు. 1906లో కట్టుకథగా రాసిన మాట పదిహేనేళ్లకు నిజమైంది.

జామీను సొమ్ము సర్కారు జప్తు చేసింది. మార్సీ ఇల్లు పోయింది. 1922 డిసెంబరులో ఆమె ప్రాణం తీసుకుంది. కారణం ఇదొక్కటేనని అనలేం, కానీ ఇదీ ఒకటి. ఇక్కడ హేవుడ్‌ను వెనకేసుకు రావడం నాకు చేతకాదు. శిక్ష అన్యాయమైనదే, కోర్టుకు అతను బాకీ లేడు. ఇల్లు తాకట్టు పెట్టినవాళ్లకు మాత్రం బాకీ పడ్డాడు. ఆస్తిపరుడు పారిపోతే పోయేది వాడి సొమ్ము. కూలీ నాయకుడు పారిపోతే పోయేది పక్కవాడి గూడు, ఆ తర్వాత ఇంకొకడికి జామీను పడే ధైర్యం కూడా.

బెయిలు మీద ఉన్నవాళ్లలో రాల్ఫ్ చాప్లిన్‌తో సహా ఎక్కువమంది గడువుకు వచ్చి లొంగిపోయారు. వాళ్లలో చాలామందికి చెప్పుకోవడానికి సొంత ఇల్లు లేదు, ఆస్తి లేదు. కోర్టు లెక్కన వాళ్లే ముందు పారిపోవాలి. 1923 డిసెంబరుకల్లా వాళ్లందరూ విడుదలయ్యారు.

హేవుడ్ సైబీరియాలో కుజ్‌నెత్స్క్ బొగ్గుగనుల దగ్గర విదేశీ కార్మికులు పెట్టిన కాలనీలో కొంతకాలం పనిచేసి, ఆ తర్వాత మాస్కోలో ఉండిపోయాడు. ఆత్మకథ రాసుకున్నాడు, అచ్చయ్యేసరికి మనిషి లేడు. 1928 మే 18న చనిపోయాడు. చితాభస్మం సగం క్రెమ్లిన్ గోడలో పెట్టారు. మిగతా సగం షికాగో పంపించారు. మేడే అమరుల సమాధుల దగ్గర, వాల్డ్‌హైమ్ శ్మశానంలో అది ఉంది.