లైప్జిగ్ నగరపు కాంటర్: బాఖ్ మహాశయుని జీవితము

జీతమునకై చేయు పని వేరు, ఆత్మతృప్తికై చేయు సాధన వేరు అని సామాన్యముగా భావింతురు. ఆ రెండును ఒక్కటియై సాగిన జీవితములు అరుదు. జర్మనీ దేశమందలి లైప్జిగ్ నగరమున 27 సంవత్సరములు చర్చి సంగీతమును నడపిన యోహాన్ సెబాస్టియన్ బాఖ్ జీవితము అట్టి వానిలో నొకటి. పాశ్చాత్య సంగీతమున ఆయన స్థానము నేడు లోకవిదితము. కాని ఆయన జీవించినంత కాలము ఒక ఉద్యోగి. పైయధికారులకు అంతగా నచ్చని ఉద్యోగి.

బాఖ్ 1685వ సంవత్సరము మార్చి 21వ తేదీన థురింగియా ప్రాంతమందలి ఐసెనాఖ్ పట్టణమున జన్మించెను. సంగీతము ఆ వంశమునకు కులవిద్య వంటిది. తండ్రి పట్టణ వాద్యకారుడు. ఎనమండుగురు సంతానములో సెబాస్టియన్ కడగొట్టువాడు. పదియేండ్లు నిండక పూర్వమే తలిదండ్రు లిరువురును గతించుటచే, ఓర్‌డ్రూఫ్ పట్టణమున ఆర్గన్ వాద్యకారుడుగా నున్న పెద్దన్న ఆతనిని చేరదీసెను. అన్న అలమారులో దాచిన స్వరగ్రంథమును బాలుడు ఆరు మాసములు రాత్రులందు వెన్నెల వెలుగున నకలు వ్రాసికొనెననియు, అన్న అది కనిపెట్టి లాగికొనెననియు ఆయన మరణానంతరము వెలువడిన జీవితసంగ్రహమున కలదు.

1703లో, 18వ యేట, ఆర్న్‌ష్టాట్ పట్టణపు చర్చిలో ఆర్గన్ వాయించు కొలువున చేరెను. ఈ వాద్యము మన యిండ్లలోని హార్మోనియము వంటిది కాదు. వందలు వేలు గొట్టములు గోడవలె నిలిచియుండును. ఆ కాలమున తిత్తులు త్రొక్కుటకు వేరుగా మనుష్యు లుండెడివారు. వాద్యకారుడు చేతులతో రెండు మూడు వరుసల మెట్లను, పాదములతో మరియొక వరుసను ఏకకాలమున పలికింపవలెను.

1705లో బాఖ్ నాలుగు వారముల సెలవు పొంది, సుమారు 400 కిలోమీటర్ల దూరమందున్న ల్యూబెక్ నగరమునకు, బుక్స్టెహూడె అను వృద్ధ విద్వాంసుని సంగీతము వినుటకై కాలినడకన పోయెను. మరలి వచ్చుసరికి దాదాపు నాలుగు మాసములు గడచెను. అధికారులు సంజాయిషీ కోరిరి. తన స్థానమున వేరొకని నియమించియే వెళ్లితినని ఆయన సమాధానము. కీర్తనల నడుమ ఆయన చొప్పించు వింత స్వరములకు భక్తులు తబ్బిబ్బగుచున్నారని మరియొక అభియోగమును దానికి జోడింపబడెను.

తరువాత మ్యూల్‌హౌసెన్ చర్చిలో కొంతకాలము పనిచేసి, 1708లో వైమార్ ప్రభువు కొలువున చేరెను. 1717లో వేరొక సంస్థానమునకు పోవుటకై పట్టుబట్టి రాజీనామా కోరగా, ప్రభువు ఆయనను నాలుగు వారములు చెరలో నుంచి పిదప పంపివేసెను. క్రొత్త ప్రభువు, క్యోతెన్ సంస్థానాధిపతి, సంగీతప్రియుడు. అచ్చట దినములు సుఖముగా గడచుచుండగా, 1720లో బాఖ్ ప్రభువువెంట పరదేశమునకు పోయిన తరుణమున భార్య మరణించెను. ఆయన యింటికి వచ్చునప్పటికి ఆమె ఖననమును ముగిసెను. మరుసటి యేడు గాయని యగు ఆనా మాగ్డలేనాను వివాహమాడెను.

1722లో లైప్జిగ్ నగరపు సెయింట్ థామస్ పాఠశాలయందు కాంటర్ పదవి ఖాళీ యయ్యెను. కాంటర్ అనగా పాఠశాల బాలురకు గానము నేర్పి, వారిచే నగరమందలి చర్చిలలో సంగీతసేవ జరిపించు ఆచార్యుడు. ఆర్గన్ వాయించుటకు వేరే విద్వాంసు లుందురు. నగరసభవారు తొలుత టెలెమన్ అను ప్రఖ్యాతుని కోరిరి. ఆయన నిరాకరించెను. పిదప గ్రౌప్నర్‌ను కోరగా ఆయన ప్రభువు విడిచిపెట్టలేదు. అటుపిమ్మట 1723లో బాఖ్‌కు ఆ పదవి లభించెను. కుమారులకు మంచి చదువు చెప్పింపవలెనను ఆశయు ఆయనను అచ్చటికి రప్పించెను.

ఆ పదవి భారమైనది. ప్రతి ఆదివారమునకును, పండుగకును కాంటాటా యను గానప్రబంధము సిద్ధము కావలెను. మొదటి సంవత్సరములలో బాఖ్ దాదాపు ప్రతివారము క్రొత్తది రచించెను. రచన ముగియగనే భార్యయు, కుమారులును, శిష్యులును ఒక్కొక్క గాయకునికి, వాద్యకారునికి వేరువేరుగా ప్రతులు వ్రాసెడివారు. ఆదివారమునాడు సెయింట్ థామస్, సెయింట్ నికొలస్ చర్చిలలో వంతులవారీగా ప్రదర్శన. మరునాటినుండి మరియొక కాంటాటా. ఇట్లు వెలసిన చర్చి కాంటాటాలలో సుమారు 200 నేటికి మిగిలియున్నవి. పెక్కింటి చివర, మహిమ దేవునికే చెందునని సూచించు మూడక్షరములను ఆయన వ్రాసియుంచెను. ఏసుక్రీస్తు శ్రమలను వర్ణించు సెయింట్ మాథ్యూ పాషన్ అను మహారచనయు 1727లో శుభ శుక్రవారపు ఆరాధనకై పుట్టినదే.

కాని నగరసభవారికి తృప్తి లేదు. ఆయన పాఠములు సరిగా చెప్పుట లేదని 1730లో ఆక్షేపించిరి. అదే సంవత్సరము ఆగస్టులో బాఖ్ ఒక విజ్ఞాపనపత్రము సమర్పించెను. అది ఒక కార్యాలయపు నివేదికవలె నుండును. 54 మంది బాలురలో 17 మంది పనికివత్తురు, 20 మందికి ఇంకను శిక్షణ కావలెను, 17 మంది పనికిరారు. వాద్యకారులు 18 నుండి 20 మంది కావలసియుండగా నగరము పోషించువారు 8 మందియే. దీని ఫలితముగా ఆయన కోరినంత మార్పు జరుగలేదు. ఆ సంవత్సరమే బాల్యమిత్రునికి వ్రాసిన లేఖలో వేరొకచోట ఉద్యోగము చూడుమని కోరెను. ఆదాయములో కొంత భాగము అంత్యక్రియల గానము వలన వచ్చునదగుటచే, నగరమున ఆరోగ్యము బాగున్నయెడల రాబడి తగ్గుచున్నదని అందు నవ్వుచునే వాపోయెను. అయినను ఆయన లైప్జిగ్ విడువలేదు, పనియు మానలేదు.

ఇరువురు భార్యలకు కలిగిన 20 మంది సంతానములో పదిమందియే పెద్దవారైరి. 1749లో, బాఖ్ బ్రదికి యుండగనే, ఆ పదవికి వేరొక అభ్యర్థిని పరీక్షించిరి. 1750లో జరిగిన కంటి శస్త్రచికిత్సలు విఫలమై చూపు పోయెను. జూలై 28వ తేదీన, 65వ యేట, ఆయన పరమపదించెను. తమకు కావలసినది పాఠశాల ఉపాధ్యాయుడేగాని ఆస్థాన సంగీతాధిపతి కాదని నగరసభయందు చెప్పుకొనిరి. సమాధిపై గుర్తురాయియైనను లేకుండెను. ఆనా మాగ్డలేనా తన వంతుకు వచ్చిన కాంటాటా ప్రతులను పాఠశాల కిచ్చి, పదియేండ్లు బీదరికమున గడపి, 1760లో కన్నుమూసెను.

కాలము వేరు తీర్పు చెప్పెను. 1829లో, 20 యేండ్ల మెండెల్సన్ బెర్లిన్ నగరమున సెయింట్ మాథ్యూ పాషన్‌ను మరల వినిపించగా, లోకము బాఖ్‌ను తిరిగి గుర్తించెను. 1894లో త్రవ్వి తీసి ఆయనవిగా భావించిన అస్థికలు పిదప సెయింట్ థామస్ చర్చిలోనికే చేరినవి. 1212లో నెలకొనిన ఆ బాలగాయకబృందము నేటికిని అచ్చట పాడుచున్నది. నగరసభ ఆక్షేపణలు దస్తావేజులలో నిలిచినవి. వారము వారము గడువు తప్పక చేసిన పని మాత్రము మనుష్యుల కంఠములలో నిలిచినది.