యల్లాప్రగడ సుబ్బారావు

మన అమరావతీ ప్రాంతమున రైతు మిరపకాయల బస్తాను భుజమున కెత్తుకొనునపుడు ఆ కండరములకు శక్తి యెచ్చటినుండి వచ్చును? ఈ ప్రశ్నకు సమాధానము వెదకి కనుగొన్నవారిలో ఆంధ్రులైన యల్లాప్రగడ సుబ్బారావుగా రొకరు.

వీరు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. మద్రాసు వైద్యకళాశాలలో చదువుచు ఖద్దరు ధరించిన కారణమున వీరికి ఎం.బి.బి.ఎస్. పట్టమునకు మాఱుగా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టమే లభించెను. అయినను నిరుత్సాహపడక అమెరికాకు వెడలి, హార్వర్డు విశ్వవిద్యాలయమున ఫిస్కేగారితో గలసి పరిశోధన సాగించిరి.

శరీరమందలి భాస్వరమును నీలివర్ణముయొక్క గాఢతనుబట్టి కొలుచు పద్ధతిని వారిద్దఱును 1925లో ప్రకటించిరి. ఆ పద్ధతితో కండరములను పరీక్షింపగా 1927లో ఫాస్ఫోక్రియాటిన్ అను పదార్థము బయల్పడెను. కండరము పనిచేయునపుడు అది తఱుగును. విశ్రమించినపుడు మరల చేరును. 1929లో ఏ.టి.పి. అను పదార్థమును గూడ వారు కండరమునుండి వేఱుపఱచిరి. జర్మనీలో లోమన్‌గారును ఆ యేటనే దానిని కనుగొనిరి. చేయి యెత్తిన ప్రతిసారియు ఏ.టి.పి. వ్యయమగును, ఫాస్ఫోక్రియాటిన్ ఆ లోటును వెంటనే తీర్చును.

పిమ్మట ఔషధపరిశోధనలో పెక్కు మేళ్లొనర్చి, 1948 ఆగష్టులో వీరు న్యూయార్కున మరణించిరి.

విద్యార్థులారా, చేజాఱిన పట్టమునకై వగచుచు కూర్చుండక, రంగునీటిని ఓర్పుతో కొలిచిన యీ మహనీయుని శ్రద్ధను మీ రలవఱచుకొందురుగాక యని మేము కోరుచున్నాము.