అరికాలి డాక్టరు పాల్ బ్రాండ్ గారు

మన గుంటూరు, ప్రకాశం జిల్లాల వాళ్ళకు పెద్ద జబ్బు చేస్తే రాయవేలూరు పోవడం ఎప్పటినుంచో అలవాటు. ఆ ఆస్పత్రిలో దాదాపు ఇరవై ఏళ్ళు పనిచేసిన పాల్ బ్రాండ్ అనే డాక్టరుగారిని గురించి మేము ఈ సంచికలో నాలుగు మాటలు రాస్తున్నాము. వారు కుష్ఠు రోగుల డాక్టరు. అయినా షుగరు ఉన్న ప్రతి ఇంటికీ వారి సంగతి కావలసిందే.

బ్రాండ్ గారు 1914లో తమిళదేశంలో పుట్టి, కొల్లిమలైలో పెరిగారు. తల్లిదండ్రులు ఇంగ్లీషు మిషనరీలు. తొమ్మిదో ఏట చదువుకని ఇంగ్లండు పంపారు. 1929లో తండ్రి మలేరియా ముదిరి ఆ కొండలమీదనే పోయారు. కుర్రవాడు ముందు వడ్రంగం, తాపీపని నేర్చి, తరువాతనే డాక్టరీ చదివాడు. 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో చేరారు.

మరుసటి ఏడు చెంగల్పట్టు కుష్ఠు ఆస్పత్రి చూడబోయారు. ఆ రోగం మాంసాన్ని తినేస్తుంది, వేళ్ళు వాటంతట అవే రాలిపోతాయి అని అప్పుడు జనమే కాదు, డాక్టర్లూ అనుకునేవారు. బ్రాండ్ గారు ఒక రోగి వంకరపోయిన చేతిలో చెయ్యి పెట్టి చూస్తే పట్టు ఉడుంపట్టులాగా ఉంది! కండ చావలేదు, కొన్ని నరాలే చచ్చాయి. బాగున్న కండరాల నరుకులను మార్చి కుట్టి, ముడుచుకుపోయిన చేతులను తెరిపించారు.

అయితే బాగుపడిన చేతులకు మళ్ళీ పుండ్లు లేచేవి. ఒకనాడు తుప్పు పట్టిన తాళం ఎవరికీ రాకపోతే ఒక బక్కపిల్లవాడు చటుక్కున తిప్పేశాడు. నేలమీద రక్తం. చూస్తే వేలు ఎముకదాకా తెగింది, వాడికి తెలియనే తెలియదు. ఇంకొందరికి తెల్లారేసరికి వేలిముక్క ఉండేది కాదు. రాత్రి కాపు కాస్తే ఎలుకలు కొరుకుతున్నాయి! అప్పటినుంచి ఇంటికి పోయే రోగికి ఒక పిల్లిని ఇచ్చి పంపేవారు.

వేళ్ళు తీసింది రోగం కాదు, నొప్పి తెలియకపోవడం. మనకు కాలిలో ముల్లు గుచ్చుకుంటే కుంటుతాము, ఆ కుంటడమే కాలిని కాపాడుతుంది. నొప్పి లేనివాడు అదే పుండుమీద నడుస్తాడు, చీము ఎముకకు దిగుతుంది, చివరకు కాలు తీసెయ్యాలి. బ్రాండ్ గారు పుండుపడిన పాదానికి పిండికట్టు వేసి విశ్రాంతి ఇచ్చారు, మెత్తని రబ్బరు చెప్పులు చేయించారు, రోజూ కాళ్ళు చేతులు చూసుకోవడం నేర్పారు. ఒకసారి లండనులో తన మడమకే స్పర్శ లేదని తోచి, సూది గుచ్చినా నొప్పి లేక, తనకూ రోగం అంటిందని రాత్రంతా కుమిలిపోయారట. తెల్లవారి గుచ్చితే చురుక్కుమంది. ఆ నొప్పికి వారు పడిన సంతోషం ఇంతా అంతా కాదు!

1966లో అమెరికాలోని కార్విల్ కుష్ఠు ఆస్పత్రికి వెళ్ళారు. అక్కడ షుగరు రోగుల పాదాలు చూస్తే అవే పుండ్లు, అదే కారణం. షుగరు చాలాకాలం ఉంటే పాదాల నరాలు మొద్దుబారుతాయి, రక్తం పారడమూ తగ్గుతుంది. చుట్ట, సిగరెట్టు ఉంటే ఇంకా తగ్గుతుంది. మన పొగాకు సీమలో ఇది గట్టిగా చెప్పుకోవాలి.

పత్తి మోళ్ళలో, ఎండిన మిరప కల్లంలో, జుమానాడు కాలిన మసీదు బండలమీద వట్టికాళ్ళతో నడిచే షుగరు మనిషికి బొబ్బ లేచినా తెలియదు. తిమ్మిర్లని వేడినీళ్ళలో కాళ్ళు పెట్టి కాల్చుకునేవారూ ఉన్నారు. రోజుకు అయిదుసార్లు వజూలో కాళ్ళు కడుగుతాము గదా, ఆ వేళ వేళ్ళ సందులు చూసి, తడి తుడవడానికి ఎంతసేపు? అరికాలు వంగి చూడలేని దాదీ, నానీలకు మనుమలు చూడాలి. ఎర్రబడినా, పుండు కనబడినా ఆనెకాయ అనుకుని ఇంట్లో బ్లేడుతో కోయకుండా ఆ రోజే డాక్టరుకు చూపాలి.

బ్రాండ్ గారికి 1960లో లాస్కర్ బహుమతి వచ్చింది. 2003 జూలైలో అమెరికాలో పరమపదించారు. మెత్తని రబ్బరు చెప్పులను ఇప్పుడు ఎం.సి.ఆర్. చెప్పులంటారు, ఆ పేరు చెప్పి అడగండి.