సర్కారు కుర్చీ వద్దన్న బెంగాల్ పులి

యూనివర్సిటీల ముచ్చట రాంగనే మనం అడిగే మొదటి మాట ఒక్కటే. కొత్త వీసీ ఎవరు? ఏ కులపాయన? ఎవరి మనిషి? నేను కూడ చాన ఏండ్లు గదే అడిగిన. నేను యూనివర్సిటీల చదువుకున్నోణ్ణి కాదు. క్యాంపస్ గేటు దాటిందంతా ధర్నాలకు, మీటింగులకే. ఒకపారి కాంట్రాక్టు లెక్చరర్ల టెంటు కింద కూసున్నప్పుడు ఒక సారును అడిగిన, మీ డిపార్టుమెంటుల కొత్త కోర్సు పెట్టాలన్నా, ఖాళీ పోస్టు నింపాలన్నా ఎవరు తేలుస్తరని. ఆయన హెడ్డు దిక్కు చూపెట్టిండు. హెడ్డును అడిగితే రిజిస్ట్రార్ అన్నడు. రిజిస్ట్రార్ ఆఫీసుకు పోతే ఫైలు సెక్రటేరియట్ల ఉందన్నరు. ఇరవై ఏండ్ల సంది పాఠం చెప్తున్న మనిషికి తన పాఠం మీద మాట లేదు. ఆ దినం సంది నా ప్రశ్న మారింది. యూనివర్సిటీని అసలు నడిపేది ఎవరు?

ఆ ప్రశ్న పట్టుకొని చదువుకుంట పోతే నాకు దొరికిన మనిషి అశుతోష్ ముఖర్జీ. బెంగాలోళ్ళు ఆయనను బెంగాల్ పులి అంటరు. మన దిక్కు ఆయన కొడుకు శ్యామాప్రసాద్ ముఖర్జీ పేరే ఎక్కువ తెలుసు. కొడుకు రాజకీయాలతోని నాకు పొసగదు. తండ్రి కథ వేరే. యూనివర్సిటీ మీద పంతుళ్ళకు హక్కు ఉండాలె అనేటోళ్ళు తప్పకుంట తెలుసుకోవాల్సిన కథ అది.

అశుతోష్ 1864 జూన్ 29న కలకత్తాల పుట్టిండు. తండ్రి గంగాప్రసాద్ డాక్టరు. పిలగానికి లెక్కలంటే పిచ్చి. ప్రెసిడెన్సీ కాలేజీల చదివి 1885ల లెక్కల్ల ఎంఏ, మరుసటి ఏడు ఫిజిక్స్‌ల ఎంఏ చేసిండు. ఆయన రాసిన లెక్కల వ్యాసాలు బయటి దేశాల పత్రికల్ల అచ్చయినయి. అట్లాంటి మనిషి జీవితమంత లెక్కలు చెప్పుకుంట, పరిశోధన చేసుకుంట బతుకుదామనుకున్నడు. కానీ దానికి జాగ లేకుండె. ఎందుకంటే 1857ల పెట్టిన కలకత్తా యూనివర్సిటీల అసలు పాఠాలే లేవు. పరీక్ష పెట్టుడు, డిగ్రీ ఇచ్చుడు, కాలేజీలకు గుర్తింపు ఇచ్చుడు, గంతే దాని పని. లెక్కల ప్రొఫెసర్ అనే కుర్చీ లేని యూనివర్సిటీల ఆయన ప్రొఫెసర్ ఎట్లయితడు? వకీలు అయిండు. 1904ల హైకోర్టు జడ్జి అయిండు. అయినా లేని ఆ కుర్చీని ఆయన మర్చిపోలేదు.

పాతికేండ్ల వయసుల, 1889లనే ఆయన యూనివర్సిటీ సెనేట్లకు, సిండికేట్లకు వచ్చిండు. ఈ రెండు మాటలు మనకు పేపర్ల కనబడుతుంటయి గని అర్థం చెప్పేటోళ్ళు తక్కువ. సెనేట్ అంటే గ్రామసభ అనుకోండ్రి. నిబంధనలు, పెద్ద పెద్ద నిర్ణయాలు అక్కడ పాసు కావాలె. సిండికేట్ అంటే పాలకవర్గం. రోజువారి పని, పైసలు, నియామకాలు అది చూసుకుంటది. వీటి కింద ఫ్యాకల్టీలు, బోర్డ్ ఆఫ్ స్టడీస్ ఉంటయి. ఏ పుస్తకం పెట్టాలె, ఏ పాఠం తీసెయ్యాలె అనేది బోర్డు చూస్తది. అంటే యూనివర్సిటీ నడిచేది వీసీ గదిల కాదు, ఈ కమిటీ బల్లల మీద. ఆ బల్ల చుట్టు ఎవరు కూసుంటరు అన్నదే అసలు రాజకీయం.

ఆ రోజుల్ల కూసునేటోళ్ళు జడ్జీలు, దొరలు, పెద్ద ఆఫీసర్లు, జమీందార్లు, కాలేజీ ప్రిన్సిపాళ్ళు. పాఠం చెప్పే మామూలు పంతులుకు అక్కడ చోటు అరుదు. 1891ల పరీక్షల్ల బెంగాలీ లాంటి దేశ భాషలకు జాగ ఇయ్యాలని అశుతోష్ ప్రతిపాదన పెట్టి ఓడిపోయిండు. ఓడిపోయి ఊకోలేదు, ఆ బల్ల మీద పని ఎట్ల జరుగుతదో నేర్చుకున్నడు.

1904ల కర్జన్ యూనివర్సిటీల చట్టం తెచ్చిండు. దాంతోని కలకత్తా సెనేట్ల సభ్యుల సంఖ్యను 100కు కట్టేసిండ్రు. వాళ్ళల్ల ఎన్నికై వచ్చేటోళ్ళు 20 మందే. మిగిలినోళ్ళల్ల ఎక్కువ మందిని ఛాన్సలర్ నామినేట్ చేసుడే. ఛాన్సలర్ అంటే సాక్షాత్తు వైస్రాయి. నిబంధన ఏది మార్చినా సర్కారు ముద్ర పడాలె. దేశమంత ఈ చట్టాన్ని తిట్టింది, తిట్టుడు న్యాయమే. కానీ అదే చట్టంల ఒక చిన్న సందు ఉండె. యూనివర్సిటీ సొంతంగ ప్రొఫెసర్లను పెట్టుకోవచ్చు, పాఠాలు చెప్పొచ్చు, పరిశోధన నడపొచ్చు అని రాసిండ్రు. 1906ల వైస్ ఛాన్సలర్ అయిన అశుతోష్ ఆ సందుల కాలు పెట్టిండు.

అప్పుడు వీసీ అంటే జీతం లేని కొలువు. పగలు హైకోర్టుల జడ్జి, అది అయినంక యూనివర్సిటీ పని. రెండేండ్లకు ఒకసారి పదవి పొడిగించుకుంట 1914 దాక ఎనిమిదేండ్లు నడిపిండు. సైన్స్ కాలేజీకి సర్కారు చెప్పుకోదగ్గ పైసలు ఇయ్యలేదు. ఆయన వకీళ్ళ దగ్గరికి పోయిండు. తారక్‌నాథ్ పాలిత్ అనే వకీలు 1912ల సుమారు 15 లక్షల విలువ చేసే ఆస్తి రాసిచ్చిండు. రాస్‌బిహారి ఘోష్ అనే ఇంకో వకీలు 1913ల 10 లక్షలు ఇచ్చిండు. ఆ పైసలతో పెట్టే ప్రొఫెసర్ కుర్చీల్ల మన దేశపోళ్ళే కూసోవాలె అన్న షరతుతో ఇచ్చిండ్రు. 1914 మార్చిల, పదవి దిగే ముంగట, సైన్స్ కాలేజీకి పునాది రాయి ఏసిండు.

దానికి ముందే 1913ల సర్కారు తన పంజా చూపింది. యూనివర్సిటీ ముగ్గురిని లెక్చరర్లుగ తీసుకుంది. అబ్దుల్ రసూల్, కాశీప్రసాద్ జయస్వాల్, అబ్దుల్లా సుహ్రవర్ది. ముగ్గురు కూడ చదువుల మేటి మనుషులు. రాజకీయాలల్ల తిరుగుతున్నరని చెప్పి వాళ్ళ నియామకాలకు సర్కారు ఒప్పుకోలేదు. అశుతోష్ వీసీ కుర్చీల ఉండే సర్కారును నిలదీసిండు, అయినా సర్కారు దిగిరాలేదు. ఆయన అంతటి జడ్జి, అంతటి వీసీ అయ్యి కూడ ముగ్గురు పంతుళ్ళ కొలువు కాపాడలేకపోయిండు. ఎందుకంటే ఆఖరి సంతకం యూనివర్సిటీ చేతుల లేదు. మన దగ్గర రాజకీయాలు మాట్లాడే సార్ల మీద నోటీసు పడ్డప్పుడల్లా నాకు 1913 యాదికొస్తది.

వీసీ పదవి లేని ఏండ్లల్లనే ఆయన చేసిన అసలు పని ఉంది. 1917ల ఎంఏ, ఎమ్మెస్సీ చదువునంత యూనివర్సిటీ కిందికి తెచ్చి, ఆర్ట్స్‌కు ఒకటి, సైన్స్‌కు ఒకటి పోస్ట్ గ్రాడ్యుయేట్ కౌన్సిళ్ళు పెట్టించిండు. కొత్త ముచ్చట ఏందంటే, ఆ కౌన్సిల్ల పాఠం చెప్పే పంతుళ్ళే సభ్యులు. ప్రొఫెసర్ ఒక్కడే కాదు, లెక్చరర్ కూడ. ఒక్కొక్క సబ్జెక్టుకు ఆ సబ్జెక్టు చెప్పేటోళ్ళతోనే బోర్డు. ఏం చెప్పాలె, పరీక్ష ఎట్ల పెట్టాలె, ఎవరితోని పాఠం చెప్పియ్యాలె అనే మాట అక్కడ పుట్టి, పైకి సెనేట్‌కు పోవాలె. పైనుంచి కిందికి వచ్చే ఆర్డరు కాదు, కిందినుంచి పైకి పోయే తీర్మానం. మన దేశంల పంతుళ్ళు తమ పనిని తాము పరిపాలించుకునుడు ఇంత పెద్ద ఎత్తున నడిచింది ఈ కౌన్సిళ్ళల్లనే అని నేననుకుంట.

ఆ చెట్టు నీడల ఎవరు పెరిగిండ్రో చూడుండ్రి. ప్రఫుల్ల చంద్ర రాయ్ కెమిస్ట్రీ కుర్చీల కూసున్నడు. మన విశాఖపట్నంల చిన్నప్పుడు చదువుకున్న సీవీ రామన్ కలకత్తాల సర్కారు లెక్కల ఆఫీసుల పెద్ద జీతం తీసుకుంటుండె. ఆ జీతం ఇడిసిపెట్టి 1917ల పాలిత్ ప్రొఫెసర్‌గ వచ్చిండు. ఆ కుర్చీకి బయటి దేశంల శిక్షణ ఉండాలన్న షరతుండె, రామన్ పోనన్నడు, అశుతోష్ ఆ షరతును పక్కకు పెట్టించిండు. మేఘనాథ్ సాహా, సత్యేంద్రనాథ్ బోస్ అప్పుడే చదువు అయిపోయిన పోరగాండ్లు, 1916ల లెక్చరర్లు అయిండ్రు. సాహా దుకాణదారు కొడుకు, కులం పేరు మీద అవమానాలు పడ్డ మనిషి. 1921ల మైసూరు నుంచి సర్వేపల్లి రాధాకృష్ణన్‌ను పిలిచి ఫిలాసఫీ కుర్చీ ఇచ్చిండ్రు. 1891ల ఓడిపోయిన భాష ముచ్చట కూడ 1919ల గెలిచింది. దేశ భాషల్ల ఎంఏ మొదలైంది.

1921ల మళ్ళ వీసీ అయిండు. అప్పటికి ఛాన్సలర్ వైస్రాయి కాదు, బెంగాల్ గవర్నరు. చదువు శాఖ మన మంత్రుల చేతికి వచ్చింది. దొరల సర్కారు పోయి మనోళ్ళ మంత్రి వస్తే పని తేలికయితదని అనుకుంటం కద. కాలేదు. యూనివర్సిటీ అప్పుల్ల ఉంది, పంతుళ్ళకు జీతాలు ఆగినయి. 1922ల సర్కారు రెండున్నర లక్షలు ఇస్తనంది, దాని ఎంబడి ఎనిమిది షరతులు పెట్టింది. సారం ఏందంటే, లెక్కలు మేం చెప్పినట్టు చూపెట్టాలె, ఖర్చయ్యే కొత్త పని మమ్మల్ని అడగకుంట పెట్టొద్దు. డిసెంబరుల సెనేట్ల చర్చ జరిగింది. ఇంటింటికి పోయి అడుక్కుంటం గని స్వేచ్ఛ అమ్ముకోమన్న తీరుగ అశుతోష్ మాట్లాడిండు. మా పంతుళ్ళు పస్తులుంటరు గని తలవంచరన్నడు. సెనేట్ ఆ షరతులు వద్దంది.

ఇక్కడ నాకు జర ముల్లు గుచ్చుకుంటది. పస్తులుంటరని చెప్పినాయన జీతం ఆగని హైకోర్టు జడ్జి. పస్తులుండేది నెలల తరబడి జీతం రాని లెక్చరర్ ఇల్లు. ఆ మాట అనే హక్కు ఆ లెక్చరర్‌దే. పంతుళ్ళ కౌన్సిల్ ఉన్నా, ఆ కౌన్సిల్ అధ్యక్షుడు కూడ అశుతోషే. అన్ని తొవ్వలు పోయి ఆయన బల్ల కాడనే కలిసినయి. తన మనుషులను పెడుతున్నడని, పైసల్లేకుంట విభాగాలు తెరుస్తున్నడని, డిగ్రీల విలువ తగ్గిస్తున్నడని అప్పుడే విమర్శలు వచ్చినయి. చరిత్రకారుడు జదునాథ్ సర్కార్ అంతటాయన గట్టిగ విమర్శించిండు. అవన్ని కుళ్ళుతో అన్న మాటలని కొట్టిపారెయ్యలేం.

1923 మార్చిల గవర్నరు లిట్టన్ ఉత్తరం రాసిండు. సర్కారుతో కొట్లాట బంద్ చేసి సర్కారు బిల్లుకు అడ్డం రాకుంట ఉంటే మళ్ళ వీసీని చేస్తనని దాని అర్థం. అశుతోష్ రెండు దినాలకే జవాబు రాసిండు. ఇట్లాంటి షరతుల మీద వచ్చే కుర్చీ నాకొద్దని. ఆ ఉత్తరాలు పేపర్ల పడి దేశమంత చదివింది. పదవి పోయింది. ఆ ఏడే జడ్జి పని నుంచి కూడ దిగి, మళ్ళ వకీలు కోటు ఏసుకున్నడు. ఒక కేసు వాదించేతందుకు పట్నా పోయి 1924 మే 25న అక్కడనే కన్నుమూసిండు. ఇంకా 60 నిండలేదు.

ఆయన పెట్టిన కౌన్సిళ్ళు ఆయనతోని పోలేదు, ఆ తర్వాత కూడ నడిచినయి. కానీ వాటి ఎనుక నిలబడ్డ పులి లేదు. నాకు ఈ కథల దొరికిన నీతి గిదే. మంచి వీసీ దొరికితే యూనివర్సిటీకి కొన్నేండ్లు మంచిగుంటది. పంతుళ్ళకు చట్టంల కుర్చీ ఉంటేనే కలకాలం మంచిగుంటది. అశుతోష్ రెండోది కొంత కట్టిండు, మిగిలినదంత తన భుజాల మీద మోసిండు. భుజాలు పోంగనే బరువు కింద పడ్డది.

ఇగ మన కాడికి రండ్రి. కలకత్తాల ఆ వాతావరణం చూసిన రాధాకృష్ణన్ 1931ల ఆంధ్రా యూనివర్సిటీకి వీసీగ వాల్తేరు వచ్చిండు. ఆయనకంటె ముంగట ఆ కుర్చీల ఉన్న కట్టమంచి రామలింగారెడ్డి తెల్లదొరల అణచివేతకు నిరసనగ రాజీనామా ఇచ్చిండు. గట్లాంటి వారసత్వం మనది. ఇప్పుడు 1991 చట్టం కింద నడిచే మన రాష్ట్ర యూనివర్సిటీలల్ల ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్‌కు మెంబర్లను నామినేట్ చేసేది సర్కారు. పంతుళ్ళు ఓటేసి పంపిన మనిషి అక్కడ కనబడడు. 2024 మే సంది అక్టోబరు దాక తెలంగాణల పది యూనివర్సిటీలను ఐఏఎస్‌లే ఇన్‌ఛార్జిలుగ నడిపిండ్రు. మనం అడిగింది మాత్రం వీసీ ఎప్పుడొస్తడు, ఎవరొస్తడు అని. 2025 జనవరిల యూజీసీ ముసాయిదా తెచ్చి, కంపెనీలల్ల, పరిపాలనల పనిచేసినోళ్ళు కూడ వీసీ కావచ్చంది. అప్పుడు కూడ లొల్లి అంత వీసీ కుర్చీ మీదనే.

నేను ఇప్పుడు టెంటు కిందికి పోతే వేరే ప్రశ్న అడుగుతున్న. మీ ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్ల మీరు ఎన్నుకున్న పంతులు ఎంత మంది? బోర్డ్ ఆఫ్ స్టడీస్ ఆఖరుసారి ఎప్పుడు కూసుంది? ఆ మీటింగుల తీర్మానాలు మీకు సూపెడుతున్నరా? కాంట్రాక్టు సారుకు, గెస్టు మేడంకు ఆ బల్ల కాడ మాట ఉందా? ఈ ప్రశ్నలు టీవీల రావు, వీటికి స్లోగన్ కూడ దొరకదు. జీతం పెంచుమని అడుగుడు ఎంత న్యాయమో, బల్ల కాడ కుర్చీ ఎయ్యుమని అడుగుడు గూడ అంతే న్యాయం. మన డిమాండ్ల కాయితంల ఇది ఇప్పటిదాక లేదు. వచ్చే ధర్నా కాయితంల మొదటి వరుసల రాసుకుందాం.